పరస్పరాధారత: ఫిలిం నగర్ సమ్మె నేపథ్యములో ఒక భావన పరిశీలన

సంఘ ఐక్యతను గూర్చి మాట్లాడవలసి వచ్చినప్పుడు మనము తరచుగా ఆశ్రయించే మాట ‘పరస్పరాధారత’. యౌవనస్థుల కూటములలో, సేవకుల సదస్సులలో, చివరకు వివాహ ప్రసంగాలలో కూడా ఈ మాట వినబడుతున్నది. దాని వెంట మొదటి కొరింథీ పత్రిక 12వ అధ్యాయము వస్తుంది. కన్ను, చెయ్యి, తల, పాదము వస్తాయి. ఒకరు లేనిదే ఒకరము లేమనే ముగింపు వస్తుంది. వినేవారు తలలూపుతారు. ఇందులో తప్పేమున్నదని చదువరులు అడుగవచ్చు. మాటలో తప్పు లేదు. అయితే దానిని ఎవరు, ఎవరితో, ఏ సమయములో పలుకుతున్నారన్నది మనము అడుగుట లేదు.

ఆ ప్రశ్న అడుగుటకు 2025 ఆగష్టులో హైదరాబాదులోని జూబిలీహిల్స్, ఫిలిం నగర్ ప్రాంతములో జరిగిన సంఘటన తగిన సందర్భమని నా అభిప్రాయము. వేతనాల విషయమై తెలుగు సినీ కార్మికులు 18 రోజులు పని నిలిపివేశారు. ఆ దినములలో ‘సినీ కుటుంబము’ అనే మాట పదే పదే వినిపించింది. నిర్మాత లేనిదే కార్మికుడు లేడు, కార్మికుడు లేనిదే చిత్రము లేదు అన్న మాటను ఎవరూ కాదనలేదు. అందరూ ఒప్పుకొనిన ఈ సత్యము 18 రోజులపాటు దేనినీ పరిష్కరించలేకపోయింది. ఎందుకు? ఈ వ్యాసము ఆ ‘ఎందుకు’ను వేదాంతపరముగా పరిశీలించే ప్రయత్నము. సమ్మెలో ఎవరిది న్యాయమో తీర్పు చెప్పుట దీని ఉద్దేశము కాదు, అయినను నా మొగ్గు ఎటో చదువరులకు తెలియకపోదు.

మాట, దాని బరువు

‘ఆధారపడుట’ అనే మాటకు తెలుగులో కొంత చిన్నతనము అంటుకొని ఉన్నది. ఫలానావాడు అన్నమీద ఆధారపడి బ్రతుకుతున్నాడంటే అది మెచ్చుకోలు కాదు. ఎదిగిన కొడుకు తన కాళ్ళమీద తాను నిలబడాలని కోరుకుంటాము. అదే మాటకు ముందు ‘పరస్పర’ అని చేర్చగానే చిన్నతనము తొలగిపోయి అది సద్గుణముగా మారిపోతుంది. స్టీఫెన్ కవీ 1989లో ప్రచురించిన ఏడు అలవాట్ల పుస్తకము ఈ మార్పుకు ఎంతో తోడ్పడింది. పరాధీనత నుండి స్వాధీనతకు, అక్కడనుండి పరస్పరాధారతకు మనిషి మెట్లెక్కుతాడని ఆయన చూపిన క్రమము మన నాయకత్వ శిబిరాలలోనికి వచ్చి, తరువాత ప్రసంగ వేదిక మీదికి కూడా వచ్చింది. ఆ క్రమములో పరస్పరాధారత అనేది స్వతంత్రులైన ఇద్దరు తమ ఇష్టముతో ఎన్నుకొనే ఉన్నత స్థితి. కాని లోకములో అధిక సంఖ్యాకుల అనుభవము అది కాదు. రేపటి బియ్యము కొరకు ఈ రోజు పని దొరకవలసినవానికి ఎన్నుకొనే వీలెక్కడిది?

మన వాడుకలో ఇంకొక మాట ఉన్నది: చేదోడు వాదోడు. చేతితో తోడు, నోటితో తోడు. ఈ జంటపదములో రెండు తోడులున్నాయి, రెండూ కావాలి. నోటి తోడు ఇచ్చుటలో బోధకులమైన మనకు లోటు లేదు. చేతి తోడు సంగతి తరువాత చూద్దాము. ఇంకను ‘ఇచ్చిపుచ్చుకొనుట’ అనే మాట కూడా ఉన్నది. ఇది బజారుకు, పెండ్లి సంబంధాలకు దగ్గరి మాట. ఇందులో ఎవరెంత ఇచ్చారు, ఎవరెంత పుచ్చుకొన్నారు అనే లెక్క దాగి ఉంటుంది. ‘పరస్పరాధారత’ అనే సంస్కృత సమాసము ఆ లెక్కను మరుగుపరుస్తుంది. నాకున్న మొదటి అభ్యంతరము ఇక్కడే.

కొండమీద, కొండ దిగువన

తెలుగు చిత్ర పరిశ్రమ చాలాకాలము మద్రాసులో పెరిగి, క్రమేణా హైదరాబాదుకు తరలివచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియోస్‌ను నెలకొల్పే నాటికి ఆ గుట్టలు చాలామట్టుకు రాళ్ళు, పొదలే. ఇప్పుడు జూబిలీహిల్స్ అంటే ధనానికి మారుపేరు. అయితే ఆ పేట పుట్టింది ఒక సహకార గృహనిర్మాణ సంఘము ద్వారా అన్న సంగతి చాలామంది మరచిపోయారు. ఫిలిం నగర్ కథ కూడా అంతే. సహకారము అనగా పరస్పరాధారతకు చట్టము ఇచ్చిన రూపము. తమ ఇండ్ల కొరకు ఆ రూపమును అందరికంటె చక్కగా ఉపయోగించుకొన్నది కలిగినవారే.

చెక్‌పోస్టు నుండి క్రిందికి దిగితే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, డ్రైవర్లు, ప్రొడక్షన్ కుర్రాళ్ళు, అవకాశాల కొరకు జిల్లాల నుండి వచ్చిన యువకులు అక్కడి ఇరుకు గదులలో ఉంటారు. తెల్లవారకముందే బండ్లు వచ్చి వారిని చిత్రీకరణ స్థలాలకు తీసుకొని పోతాయి. పెద్ద వాన కురిస్తే కొండమీది నీరు కృష్ణానగర్ వీధులలోనికి దిగుతుంది. ఆ సందులలో ఇంటింటి ప్రార్థనలు జరిపే కాపరులకు ఇదంతా తెలిసినదే. కార్మికుల గృహాల కొరకు నటుడు డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డి పేరిట మణికొండ ప్రక్కన చిత్రపురి కాలనీ వెలిసింది. కాని కృష్ణానగర్ ఖాళీ కాలేదు.

పరిశ్రమలో ‘ఇరవైనాలుగు క్రాఫ్ట్స్’ అని ఒక వాడుక ఉన్నది. కెమెరా, కూర్పు, కళ, మేకప్, దుస్తులు, పోరాటాలు, నృత్యము, వెలుగు, రవాణా, భోజనము మొదలైన శాఖలన్నీ కలిస్తేనే ఒక చిత్రము. శరీర అవయవాలకు ఇంతకంటె దగ్గరి ఉపమానము మన నగరములో దొరకదు. ఏ ఒక్క శాఖ రాకపోయినా ఆ రోజు చిత్రీకరణ ఆగిపోతుంది. ఈ శాఖల సంఘాలన్నీ చేరిన సమాఖ్య తెలుగు ఫిలిం ఇండస్ట్రీ ఎంప్లాయీస్ ఫెడరేషన్. మూడేండ్లకొకసారి వేతనాలు సవరించుట ఆనవాయితీ. 2025లో ఫెడరేషన్ 30 శాతము పెంపు అడిగింది, ఏ రోజు కూలి ఆ రోజే చెల్లించాలన్నది. ఆగష్టు 4 నుండి పని నిలిపివేసింది. నిర్మాతలు తమ కష్టాలు చెప్పారు. థియేటరుకు జనము తగ్గారు, ఖర్చులు పెరిగాయి, సంఘాల బయటివారిని కూడా పనికి పెట్టుకొనే స్వేచ్ఛ తమకు కావాలి అన్నారు. చివరకు ప్రభుత్వ మధ్యవర్తిత్వముతో ఆగష్టు 21న, మూడేండ్లలో విడతలుగా మొత్తము 22.5 శాతము పెంచుటకు ఒప్పందము కుదిరింది.

ఇది మొదటిసారి కాదు. 2022 జూన్‌లో కార్మికులు వేతనాల కొరకే పని ఆపారు. అదే సంవత్సరము ఆగష్టు 1 నుండి నిర్మాతలు, ఖర్చులను సమీక్షించుకొనుటకని చెప్పి, తామే చిత్రీకరణలు ఆపారు. రెండు నెలలలోపల ఇరుపక్షాలవారూ ఒకే ఆయుధము పట్టారన్నమాట. అయితే ఆగిన రోజు అందరికీ ఒకే కొలతలో ఉండదు. నిర్మాతకు ఆగిన రోజు అప్పుమీద పెరిగే వడ్డీ. చిన్న నిర్మాతకు అది ప్రాణాంతకము కూడా కావచ్చును, దానిని తేలికగా తీసివేయకూడదు. అగ్రతారకు అది విశ్రాంతి దినము. లైట్‌మన్‌కు అది ఇంటి అద్దె. కావున పరస్పరాధారతను గూర్చి మాట్లాడే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: ఒకరు లేకుండా ఇంకొకరు ఎన్నాళ్ళు ఆగగలరు? ఇద్దరూ ఒకరిమీద ఒకరు ఆధారపడినప్పటికీ, ఒకడు ఆరు నెలలు ఆగగలిగి ఇంకొకడు ఆరు దినములు కూడా ఆగలేకపోతే, ‘పరస్పర’ అనే విశేషణము కాగితము మీదనే నిజము.

ఇంకొక భేదము కూడా గమనించాలి. చిత్రానికి లైట్‌మన్ కావాలి. అయితే ఈ లైట్‌మనే కావాలా? అగ్రతార విషయములో ఆ తారే కావాలి, కథ ఆయన చుట్టూ అల్లబడింది, డబ్బు ఆయన పేరుమీద వచ్చింది. లైట్‌మన్ విషయములో ఎవడైనా చాలును. సంఘాల బయటివారిని పెట్టుకొనే స్వేచ్ఛను గూర్చిన తగాదా అంతా ఈ ‘ఎవడైనా చాలును’ చుట్టూ తిరిగినదే. పనిమీద ఆధారపడుట వేరు, పనివానిమీద ఆధారపడుట వేరు. మన ప్రసంగాలు ఈ రెంటిని కలిపివేస్తున్నాయి.

కడుపు కథ, పౌలు తిరగవేసిన విధము

శరీర ఉపమానము పౌలు కనిపెట్టినది కాదని మన విద్యార్థులు మొదటి సంవత్సరములోనే నేర్చుకొంటారు. రోమా చరిత్రకారుడైన లివీ తన రెండవ గ్రంథములో చెప్పిన కథ ప్రసిద్ధము. క్రీ.పూ. 494లో రోమా సామాన్య ప్రజలు అప్పుల బాధ భరించలేక పట్టణము విడిచి పవిత్ర కొండకు వెళ్ళిపోయారు. అది ఒక విధముగా సమ్మెయే. వారిని వెనుకకు తీసుకొని వచ్చుటకు పెద్దలు మెనేనియుస్ అగ్రిప్పాను పంపారు. అతడు చెప్పిన కథలో కడుపు ఏ పనీ చేయకుండా తింటున్నదని అవయవాలు దానికి ఆహారము మానివేస్తాయి, అంతట తామే క్షీణించిపోతాయి. కడుపు తీసుకొన్నదానినే రక్తముగా అందరికీ పంచుతున్నదని అప్పుడు గ్రహిస్తాయి. కావున ప్రజలారా, పెద్దలమీద కోపపడవద్దు, పనికి రండి అన్నది దాని సారాంశము.

ఈ కథను మనము ప్రసంగాలలో చెప్పుకుంటాము. దాని చివరి భాగమును మాత్రము చెప్పము. ప్రజలు కథ విని ఊరకే తిరిగి రాలేదు. తమ పక్షమున నిలిచే ట్రిబ్యూనులనే అధికారులను సంపాదించుకొని మరీ వచ్చారు. పెద్దలు వారిమీద చెయ్యి వేయకూడదన్న షరతు కూడా పెట్టించుకొన్నారు. అనగా లివీ కథలో సైతము పరస్పరాధారత ఉపమానముతో పాటు ఒక ఒప్పందము, ఒక పదవి అవసరమైనవి. ఉపమానమును మాత్రమే మిగుల్చుకొని ఒప్పందమును విడిచిపెట్టినవారము మనమే.

ఆ తరువాతి గ్రీకు, రోమా వక్తలు పట్టణ సమైక్యతను గూర్చి మాట్లాడినప్పుడెల్లా ఈ ఉపమానమును వాడేవారు. ఎవరి స్థానములో వారుంటే శరీరము క్షేమము, ఇదే ధోరణి. డేల్ మార్టిన్ 1995లో ప్రచురించిన ‘ది కొరింథియన్ బాడీ’ అనే గ్రంథములో, పౌలు ఈ పాత ఉపమానమునే తీసుకొని దాని దిశను తలక్రిందులు చేశాడని వాదించాడు. వాక్యభాగమును నిదానముగా చదివితే ఈ వాదనలో బలమున్నదని నాకు తోస్తున్నది.

1 కొరింథీ 12లో అవయవాలు రెండు విధములుగా మాట్లాడతాయి. 15, 16 వచనములలో పాదము, చెవి మాట్లాడతాయి. అవి తాము శరీరములోనివి కామని అనుకొంటాయి. 21వ వచనములో కన్ను, తల మాట్లాడతాయి. అవి చేతితోను, పాదములతోను మీ అవసరము మాకు లేదని అంటాయి. గమనించండి, తక్కువవానిగా ఎంచబడినవాని శోధన నిరాశ, ఎక్కువవాని శోధన నిర్లక్ష్యము. పౌలు రెంటికీ ఒకే మందు ఇవ్వలేదు. పాదమునకు ధైర్యము చెప్పాడు, తలకు అడ్డు చెప్పాడు. మనమైతే ఈ రెండు మాటలను కలిపి ‘ఎవరి స్థానములో వారు సంతోషముగా ఉండండి’ అని బోధిస్తున్నాము. అది పౌలు మాట కాదు, మెనేనియుస్ మాట.

22వ వచనములో అవసరము అనుటకు పౌలు వాడిన గ్రీకు పదము ‘అనంకాయ’. ఉపయోగకరమైనది అని కాదు, లేకపోతే కుదరనిది అని దాని భావము. బలహీనమని అనుకొనబడే అవయవాలే అలాంటివని అపొస్తలుడు అంటున్నాడు. ‘అనుకొనబడే’ అన్నది ముఖ్యము, బలహీనత అంతా అవయవములో లేదు, చూసేవారి లెక్కలో కూడా ఉన్నది. తరువాత 24వ వచనములో దేవుడే, కొదువగలదానికి ఎక్కువ ఘనత కలుగునట్లు శరీరమును అమర్చాడని చెబుతాడు. సమానులను సమానముగా చూచుట ఇది కాదు, తూకము ఒక ప్రక్కకు కావాలని వంచుట. శరీరములో వివాదము లేకుండుట ఆ వంపు ద్వారానే సాధ్యమని 25వ వచనము. సమైక్యత అక్కడ ఫలితముగా వచ్చింది, ఆజ్ఞగా రాలేదు.

ఈ అధ్యాయమును 11వ అధ్యాయము నుండి విడదీసి చదువుట మన పెద్ద లోపము. గెర్డ్ టైసెన్ కొరింథు సంఘమును సామాజిక దృష్టితో అధ్యయనము చేసి, ప్రభురాత్రి భోజన బల్లయొద్ద జరిగిన గొడవకు కలిగినవారికి లేనివారికి మధ్యనున్న అంతరము కారణమని చూపాడు. కొందరు ముందే తిని మత్తులై ఉండగా కొందరు ఆకలితో ఉన్నారు (11:21, 22). పనినుండి ఆలస్యముగా వచ్చినవారు, దాసులు ఆ ఆకలిగొన్నవారిలో ఉండి ఉంటారని పలువురు వ్యాఖ్యాతల ఊహ. షూటింగు ముగించుకొని రాత్రి పది గంటలకు కూటమునకు వచ్చే కృష్ణానగర్ విశ్వాసిని ఎరిగిన కాపరికి ఈ ఊహ కష్టము కాదు. శరీరమును గూర్చిన బోధ ఆ బల్ల దగ్గర అన్నము పంచుకొనని సంఘానికి వ్రాయబడింది. అన్నము సంగతి తీసివేసి అవయవాల సంగతి మాత్రము బోధిస్తే మిగిలేది వాదోడే.

మన గ్రామాలు చెప్పే సాక్ష్యము

పూర్వపు తెలుగు గ్రామము పరస్పరాధారతకు ఆదర్శమని పొగిడేవారున్నారు. పన్నెండుమంది ఆయగాండ్లు, పంటలో వారి వారి వాటాలు, డబ్బు లేకుండానే సాగిన జీవితము అని చెబుతారు. పండితులలో విలియం వైజర్ 1936లో ఉత్తరాది గ్రామములలోని జజ్మానీ పద్ధతిని గూర్చి వ్రాసిన పుస్తకము తరువాత ఈ చర్చ పెరిగింది. విచిత్రమేమంటే అదే 1936లో అంబేడ్కర్ తన కులనిర్మూలన ఉపన్యాస గ్రంథములో దీనికి విరుగుడు వ్రాశాడు. కులము పనిని పంచుటతో ఆగక పనిచేసేవారినే ఒకరినుండి ఒకరిని వేరుచేసి అంతస్తులలో నిలబెట్టిందని ఆయన వాదన.

తెలుగు సంఘములోని మనలో అత్యధికులకు ఈ సంగతి పుస్తకాల ద్వారా తెలియవలసిన పని లేదు. మోటబావిలోనుండి నీరు తోడే తోలుబొక్కెన మాదిగ కుట్టకపోతే రైతు పొలము తడిసేది కాదు. చెప్పు, కొరడా, వారు, డప్పు అన్నీ పాలెము నుండి రావలసినవే. ఊరు పాలెముమీద ఆధారపడి ఉన్నది, ఆ సంగతి ఊరికి బాగుగా తెలుసు. అయినను పాలెము ఊరికి వెలుపలే ఉన్నది, వెట్టి వెట్టిగానే సాగింది. ఆధారపడుట ఎంత లోతుగా ఉన్నదో అవమానము కూడా అంత లోతుగా ఉన్నది. కావున పరస్పరాధారత ఒక స్థితి, అది దానంతట అదే సద్గుణము కాదనుటకు మన తాతల జీవితమే సాక్ష్యము. ఈ సాక్ష్యమును మరచి, విదేశీ వేదాంతుల నుండి పరస్పరాధారతను ఒక క్రొత్త వరముగా దిగుమతి చేసుకొనుట నాకు వింతగా తోస్తుంది.

సమ్మె చేసినవారిని కూడా ఈ అద్దములో చూడాలి. సినీ సంఘాలలో కార్డు లేనివానికి పని దొరకదు. కార్డు రుసుము సామాన్యునికి అందుబాటులో లేదన్న విమర్శ ఉన్నది. కృష్ణానగర్ గదులలో కార్డు లేని యువకులు ఎందరో ఉన్నారు. వారికి శరీరము ఎక్కడున్నది? 15వ వచనములోని పాదము మాట్లాడే మాటను నేడు వారు మాట్లాడుతున్నారు. నిర్మాతలు ఈ యువకులను గూర్చి మాట్లాడినది వారిమీద ప్రేమతోనని నేను అనుకొనుట లేదు. అయినను ప్రశ్న ప్రశ్నే.

మిషను చరిత్రలో ఈ మాట

మన సంఘాల చరిత్రలో పరస్పరాధారత అనే మాట రావడానికి ముందే ఆ అక్కర కనబడింది. 1910లో ఎడిన్‌బరో మిషనెరీ మహాసభలో వి.యస్. అజరయ్య, మిషనెరీలు తమ సొత్తును, తమ ప్రాణాన్ని కూడా ఇచ్చారని ఒప్పుకొని, అయితే తమకు స్నేహితులు కావాలని అడిగాడు. 1912లో ఆయన దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన తరువాత ఆ పేద గ్రామ సంఘాలలో కానుకలు ఇచ్చుటను పట్టుదలతో నేర్పాడు. ఇచ్చుట రానివానికి స్నేహము కూడా రాదని ఆయన గ్రహించాడనుకొంటాను. హెన్రీ వెన్, రూఫస్ ఆండర్సన్ బోధించిన స్వపోషణ, స్వపరిపాలన, స్వవ్యాప్తి అనే లక్ష్యాలకు ఆయన ఒక తెలుగు రూపమిచ్చాడు.

1963లో టొరంటోలో జరిగిన ఆంగ్లికన్ మహాసభ నుండి క్రీస్తు శరీరములో పరస్పర బాధ్యత, పరస్పరాధారత అనే ప్రకటన వెలువడింది. దాతలు, గ్రహీతలు అనే భేదము పోవాలన్నది దాని మంచి ఉద్దేశము. కాని ఆచరణలో చాలాచోట్ల ప్రాజెక్టుల పట్టికలు తయారైనవి, డబ్బు పాత దిక్కునుండే వచ్చింది, లెక్కలు పాత దిక్కుకే వెళ్ళినవి. తూర్పు ఆఫ్రికా ప్రెస్బిటేరియన్ సంఘ నాయకుడు జాన్ గాతు 1971లో మిషనెరీలను, మిషను ధనమును కొంతకాలము ఆపివేయమని కోరినప్పుడు అనేకులు నొచ్చుకొన్నారు. అదీ ఒక సమ్మెయే, అయితే పుచ్చుకొనేవారు చేసిన సమ్మె. ఆధారము ఎంతవరకు పరస్పరమో తెలుసుకొనుటకు ఆపి చూచుట ఒక్కటే మార్గమని ఆయన చెప్పినట్లున్నది.

త్రిత్వ వేదాంతము నుండి ఈ భావనను సమర్థించేవారిని గూర్చి క్లుప్తముగా చెబుతాను. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పరస్పర అంతర్నివాసమును, అనగా ‘పెరిఖోరెసిస్’ను మాదిరిగా చూపి సమాజము అలాగే ఉండాలని మోల్ట్‌మన్ అనుచరులు వ్రాస్తారు. మన విద్యార్థుల పరిశోధనా పత్రాలలో ఇది ఇంచుమించు ఆనవాయితీ అయినది. కారెన్ కిల్బీ 2000 సంవత్సరములో ఒక వ్యాసములో దీనిలోని చిక్కును చూపింది. మనకు ఇష్టమైన సమాజమును ముందు ఊహించుకొని, దానిని దేవునిలో చూసి, తిరిగి దేవునినుండి తెచ్చినట్లు చూపుతున్నామని ఆమె విమర్శ. దీనికి నేను ఒక్కటి చేరుస్తాను. త్రిత్వములో ఆకలిగొన్నవాడు లేడు, ఆగలేనివాడు లేడు. కూలి బకాయి లేదు.

ఇచ్చుటలోను పుచ్చుకొనుటలోను

పౌలు జీవితములో ఈ విషయమునకు సంబంధించిన ఒక ఉదాహరణ ఉన్నది, దానిని మనము తగినంతగా వాడుకొనుట లేదు. ఫిలిప్పీ సంఘము నుండి ఆయన ధనసహాయము పుచ్చుకొన్నాడు, ఆ సంబంధమును ఇచ్చుట, పుచ్చుకొనుట అనే లెక్కల భాషలోనే వర్ణించాడు (ఫిలిప్పీ 4:15). కొరింథులోనైతే తనకు హక్కు ఉన్నదని 1 కొరింథీ 9లో సుదీర్ఘముగా వాదించి, ఆ హక్కును వాడుకొనలేదు (2 కొరింథీ 11:7-9 కూడా చూడండి). ఒకే అపొస్తలుడు ఒకచోట ఆధారపడ్డాడు, ఒకచోట ఒప్పుకొనలేదు. కొరింథులోని ధనవంతులు పోషకులుగా మారి ఆయన నోటిని తమదిగా చేసుకొందురన్న జాగ్రత్త దీని వెనుక ఉన్నదని అనేక వ్యాఖ్యాతలు తలంచారు. ఫిలిప్పీ విశ్వాసులు లేమిలోనుండి ఇచ్చారు. వారి కానుక ఆయనను కొనలేదు.

జూబిలీహిల్స్ చుట్టుప్రక్కల సేవ చేసే కాపరులకు దీని అన్వయము వివరించనక్కరలేదు. ఒక విశ్వాసి నిర్మాణ సంస్థలో పెద్ద పదవిలో ఉంటాడు, మందిరము పైకప్పు ఆయన ఇచ్చిన డబ్బుతో పడుతుంది. ఆయన దగ్గర పనిచేసే డ్రైవరు అదే మందిరములో వెనుక కూర్చుంటాడు. సమ్మె జరిగే ఆదివారము కాపరి ఏ వాక్యభాగము తీసుకొంటాడు? 1 కొరింథీ 12 తీసుకొంటే ఎవరికీ నొప్పి తగలదని అనుకొంటాడు. ద్వితీయోపదేశకాండము 24:14, 15 తీసుకొంటే, కూలివాని కూలి ప్రొద్దుగూకకముందే ఇవ్వాలన్న ఆజ్ఞ, అతడు దానిమీదనే ప్రాణము పెట్టుకొని ఉంటాడన్న కారణము చదవవలసి వస్తుంది. ఏ రోజు కూలి ఆ రోజే అన్న ఫెడరేషన్ కోరిక మోషే ధర్మశాస్త్రమంత పాతది. యాకోబు 5:4లో బిగబట్టిన కూలియే కేకలు వేస్తుంది, కార్మికుని నోరు అక్కరలేకుండానే. ఈ రెండు వాక్యభాగములు పరస్పరాధారతకు వ్యతిరేకమైనవి కావు, దానికి గడువు, లెక్క నిర్ణయించేవి.

లెక్క అన్న మాట కొందరికి ఆత్మీయముగా తోచదు. కాని 2 కొరింథీ 8:13-15లో పౌలు యెరూషలేము పేదల కొరకు చందా అడుగుతూ వాడిన పదము ‘ఇసొటేస్’, సమానత్వము. ఇప్పుడు మీ సమృద్ధి వారి కొదువకు, మరియొకప్పుడు వారి సమృద్ధి మీ కొదువకు అని ఆయన భావము. మన్నా కొలిచిన సంగతిని ఉదాహరించాడు. మన్నాను ఓమెరుతో కొలిచారు. కొలత పెట్టకుండా సమానత్వమును మాట్లాడుట పౌలుకు తెలియదు. ఇక్కడ పరస్పరము అన్నది ఒకే క్షణములో జరిగేది కాదు, కాలములో తిరిగి వచ్చేది. 2020 మార్చిలో కరోనా కారణముగా చిత్రీకరణలు ఆగినప్పుడు చిరంజీవి ఆధ్వర్యములో నటులు, సాంకేతిక నిపుణులు నిధి సమకూర్చి సినీ కార్మికుల ఇండ్లకు నిత్యావసరాలు చేర్చారు. అది మంచి పని, కృతజ్ఞతతో జ్ఞాపకము చేసుకోవలసినది. అయితే దానము ఇచ్చేవాని మనస్సుమీద నిలుస్తుంది, వేతన ఒప్పందము వ్రాతమీద నిలుస్తుంది. 2020లో బియ్యము పుచ్చుకొనిన చేతులే 2025లో లైట్లు మోయుట ఆపినవి. దీనిని కృతఘ్నత అన్నవారున్నారు. ఒకసారి పుచ్చుకొన్నవాడు ఇక ఎన్నడూ అడగకూడదంటే అది పరస్పరాధారత కాదు, అది పోషకత్వము. దాసరి నారాయణరావు 2017లో కన్నుమూసినప్పటి నుండి పరిశ్రమకు పెద్దదిక్కు లేదని విచారించేవారి మాటలలో కూడా ఈ ఆశ కొంత వినిపిస్తుంది. పెద్దదిక్కు ఉన్నప్పుడు తగవులు త్వరగా తీరుతాయి, నిజమే. అయితే ఆ తీర్పు ఒక మనిషి మంచితనముతో పాటు ముగిసిపోతుంది.

మన సంగతి కూడా కొంత చెప్పుకోవాలి. సినిమా పాపమని బోధించిన సంఘాలే 1978లో విజయచందర్ యేసుగా నటించిన ‘కరుణామయుడు’ చిత్రమును ఊరూరా తెర కట్టి చూపించినవి. మన క్రైస్తవ గీతాల ఆల్బములలో వాయించేవారిలో, పాడేవారిలో సినీరంగమువారు తక్కువేమీ కాదు. ఆ రికార్డింగు స్టూడియోలలో పనిచేసినవారికి మన సంఘాలు కూలి ఎప్పుడు చెల్లిస్తున్నాయో, ఎంత చెల్లిస్తున్నాయో, ‘సేవ’ అనే మాట చెప్పి ఎంత తగ్గిస్తున్నాయో మనలో మనము అడుగుకొనవచ్చును. మందిరము ఊడ్చే సహోదరికి, కాపరి ఇంటిలో పనిచేసే అమ్మాయికి, మారుమూల గ్రామములో నెలజీతము ఆలస్యమైన సువార్తికునికి మన వార్షిక బడ్జెటులో ఉన్న స్థానము చూస్తే, మనము నమ్మే శరీర సిద్ధాంతము ఏదో తెలుస్తుంది. సినడు నివేదికలలో వ్రాసుకొన్నది అటుండనివ్వండి.

2025 ఆగష్టు ఒప్పందము మూడేండ్లకు సంబంధించినది. గడువు తీరిన తరువాత ఫిలిం నగర్‌లో తిరిగి చర్చలు జరుగుతాయి, కుటుంబము అనే మాట తిరిగి వినిపిస్తుంది. ఈలోగా 1 కొరింథీ 12ను 11వ అధ్యాయముతో కలిపి, ద్వితీయోపదేశకాండము 24ను ప్రక్కన పెట్టుకొని బోధించే పాఠ్యక్రమమును మన ప్రసంగ శాస్త్ర విభాగములు తయారుచేయుటకు కావలసినంత సమయమున్నది. కృష్ణానగర్‌లోని చిన్న సంఘాల కాపరులను ఆ పనిలో ఉపన్యాసము వినేవారిగా కాక వ్రాసేవారిగా కూర్చోబెట్టితే, వ్యాఖ్యాన గ్రంథాలలో దొరకని సంగతులు కొన్ని దొరుకుతాయి. ఉదాహరణకు ప్రొడక్షన్ బండి తెల్లవారి ఎన్ని గంటలకు వస్తుందో, కూలి చేతికి ఎన్ని దినములకు అందుతుందో వారికి తెలుసు.